ఏడో రేకు

ఒరూరోలో గాలి పల్చన.
మెట్లెక్కితే గుండె ముందు చేరుతుంది పైకి,
మనిషి తర్వాత.
కార్నివాల్ వేషాలు కుట్టే వీధి చివర
నాది నాలుగడుగుల బడ్డీ.
ఫోన్ల అద్దాలు మారుస్తాను, చార్జర్లు అమ్ముతాను.
గల్లాపెట్టె అడుగున, రుమాల్లో చుట్టిన
పెన్‌డ్రైవ్ ఒకటుంది.
దాని పేరెవరూ ఎత్తరు.
"అది ఉందా?" అంటారు, అంతే.

డోన్యా లియోకాడియా మాత్రం
"దొంగది కావాలి" అంది,
డజను గుడ్లు అడిగినంత మామూలుగా.
అప్పు చేసి తెచ్చుకుంది ఎంబ్రాయిడరీ మిషను, ఆరు సూదులది.
మిషనొచ్చింది గానీ దాని బుద్ధి రాలేదు.
బుద్ధి విడిగా అమ్ముతారట, డాలర్లలో.
మా డబ్బుల్లోకి మార్చి కాగితం మీద రాసిచ్చాను.
తిరగేసి చూసింది,
వెనకవైపు ఇంకొన్ని సున్నాలున్నాయేమోనని.
"పద్నాలుగు నెలల అద్దె!
ఈ ధర వేసినాయన
ఏ ఊళ్ళో అద్దెకుంటున్నాడో!"

అయినా ముందు అడిగి చూడమంది.
వాయిదాల మీద ఇస్తారేమో.
అడుగుదామంటే ఫారంలో దేశం ఎంచుకోమన్నారు.
బెల్జియం తర్వాత సరాసరి బ్రెజిల్.
మేముండాల్సిన చోట ఖాళీ గీతైనా లేదు.
కొనడానికి లేని దేశం,
కొనకపోతే మాత్రం నేరస్థుల దేశం.
రుమాలు విప్పాను.

తాళం బద్దలుకొట్టిందెవరో, ఏ రాత్రో, ఏ భాషవాడో!
కొట్టినప్పుడు లోపల చిన్న పెచ్చు ఊడినట్టుంది.
ఏ పువ్వు కుట్టినా
ఏడో రేకు దగ్గర సూది ఒక కుట్టు మింగేస్తుంది.
రేకు మూసుకోదు.
మొదటి ఏడు, ఒక అంగరఖా మీది
రెండువందల పన్నెండు పూలకి
రెండువందల పన్నెండు రేకులు
చేత్తో మూసింది, రాత్రిళ్ళు, కళ్ళు మండుతుంటే.
రెండో ఏడు ఫిబ్రవరి తరుముకొచ్చింది.
వదిలేసింది.
నోరు తెరిచిన పూలతోనే ఆడారు వేషగాళ్ళు.

ఆ పువ్వు ఆమె సొంతం.
గని బయట రాళ్ళేరే వాళ్ళమ్మ
ఒడిలో తెచ్చిన రాయి మీద తుప్పు మరక చూసి గీసుకుంది.

అదే పువ్వు మరుసటేడు
డాన్ హెర్మోహెనెస్ కొట్టు అద్దం వెనక!
రంగు తప్ప అంతా అదే.
తెరుచుకున్న ఏడో రేకు సైతం.

నా బడ్డీ ముందుకొచ్చి వణికిపోయింది.
"పోలీసుకి చెప్తా" అంది.
నోరు తెరిచింది, మళ్ళీ మూసింది.
దొంగకి తేలు కుట్టిన మొహం.
నాకు నవ్వొచ్చింది. రాకూడదు, వచ్చింది.
చాలాసేపటికి అడిగింది:
"ఆ కంపెనీవాళ్ళకీ ఇలాగే మండుతుందంటావా?"
"వాళ్ళు నిన్ను చూడనే లేదు కదా" అన్నాను.
"హెర్మోహెనెస్ కూడా నన్ను చూళ్ళేదు. పువ్వునే చూశాడు."

ఆ నెల నుంచి పాలపొడి డబ్బాలో
నెలకి ఎనభై వేసి నా దగ్గరే పెట్టేది.
డబ్బా మీద కంపెనీ పేరు, రెండక్షరాలు తప్పు.
"మన దేశం జాబితాలోకెక్కిన రోజు పంపుదువుగాని."
ఒకసారి మిషను బెల్టు తెగి ఖాళీ అయింది.
ఒకసారి మనవరాలి జ్వరానికి.
ఒకసారి, ఎందుకు దాచాలి, నా అద్దెకి.

వీధి వీధంతా ఇప్పుడు ఆ రేకు మూయరు.
గనిమాత లోపలికొచ్చే వాకిలట అది,
తాతల నాటి ఆచారమట,
వచ్చినవాళ్ళకి కథలు చెబుతారు.
నేను చార్జర్ల వైర్లు చుట్టుకుంటూ వింటాను.

నిన్న సాంతా క్రూజ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది.
వాళ్ళ నాన్నకి పెద్ద కొట్టట,
రసీదుతో, ముద్రతో, అసలుదే కొన్నారట.
"అన్నీ బాగున్నాయి గానీ
ఎంత చేసినా ఏడో రేకు
మూసుకుపోతోంది.
వేషాలు తిరక్కొడుతున్నారు."
చుట్టూ చూసి, గొంతు తగ్గించి
"అది ఉందా?" అంది.

ఈసారి ఎంత అడగాలో
నాకు తోచలేదు.